ఛాయాచిత్రము: దిద్దుటకు నేర్పు, వాడుటకు అనుమతి

ఛాయాచిత్రము తీయించుకొనుట ఒకప్పుడు పెండ్లికో, పరీక్ష దరఖాస్తుకో పరిమితమైన ముచ్చట. స్టూడియోకు పోయి, తెరముందు కదలక నిలిచి, ప్రతులకొరకు నాలుగు దినములు ఆగవలసివచ్చెడిది. నేడు విశాఖపట్నము సముద్రతీరమున తెల్లవారుజామున నిలిచి చూడుడు. నడకకు వచ్చినవారిలో పలువురు, సూర్యబింబము నీటిపైకి వచ్చునంతలో, ఫోనులు చేతబట్టి దానిని చిత్రించుకొనుచుందురు. తీయుట క్షణమాత్రపు పని అయినది. తీసిన తరువాత మాత్రము రెండు ప్రశ్నలు మిగులును. ఈ చిత్రమును మెరుగుపరచుట ఎట్లు? ఇతరులు తీసిన చిత్రమును మనము వాడుకొనవచ్చునా? మొదటి ప్రశ్నకు జవాబును పిల్లలు ఒకరిని చూచి ఒకరు నేర్చుకొనుచున్నారు. రెండవ ప్రశ్నను అడుగువారే అరుదు. ఈ రెండింటిని కలిపియే నేర్చుకొనవలెనని చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము.

విశేషమేమనగా, ఈ రెండు విషయములకును 1957వ సంవత్సరముతో సంబంధము కలదు. ఆ ఏట అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్ అను ఇంజనీరు తన పసికుమారుని ఫోటో నొకదానిని యంత్రముచేత చదివించి కంప్యూటరులోనికి ఎక్కించెను. అడ్డముగా 176 గడులు, నిలువుగా 176 గడులు, మొత్తము 30,976 గడులుగా ఆ బిడ్డ ముఖము యంత్రమునకు తెలిసినది. ఆ సంవత్సరముననే మన పార్లమెంటు కాపీరైటు చట్టమును చేసినది. అది 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. ఎక్కడో దూరదేశములో జరిగిన ప్రయోగము, ఢిల్లీలో జరిగిన శాసనము, ఒకదాని నొకటి ఎరుగని ఈ రెండును నేడు మన చేతిలోని ఫోనునందు కలిసికొన్నవి.

కంప్యూటరు ఎరిగిన చిత్రము ఎట్టిదో మొదట తెలిసికొందము. పొందూరు ఖద్దరును దూరమునుండి చూచిన ఒకే తెల్లని గుడ్డ. కన్ను దగ్గరచేసి చూచిన పడుగు, పేక, లెక్కకందని పోగులు. డిజిటల్ చిత్రమును అట్టిదే. అది చిన్నచిన్న గడుల కూర్పు. ఆ గడిని పిక్సెల్ అందురు. ఒక్కొక్క గడికి మూడు అంకెలు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలము ఎంత. సాధారణముగా ఒక్కొక్క రంగునకు సున్న మొదలు 255 వరకు 256 మెట్లుండును. మూడు రంగుల మెట్లను కలిపి గుణించినచో 1,67,77,216 వన్నెలు వచ్చును. అడ్డముగా 4,000, నిలువుగా 3,000 గడులున్న చిత్రములో మొత్తము ఒక కోటి ఇరువది లక్షల గడులు. ఫోను కొనునప్పుడు దుకాణదారుడు పన్నెండు మెగాపిక్సెళ్ళు అని చెప్పునది ఈ లెక్కయే.

ఈ సంగతి తెలిసినచో దిద్దుట అనగా ఏమో వెంటనే బోధపడును. చిత్రమును వెలుగుపరచుట అనగా ఆ అంకెలను పెంచుట. రంగు మార్చుట అనగా మూడు అంకెల పాళ్ళను మార్చుట. అంచులు కత్తిరించుట అనగా కొన్ని వరుసల గడులను తీసివేయుట. ఇందులో మాయ ఏమియు లేదు, అంతయు గణితమే. ఈ పని కొత్తదియు కాదు. పూర్వము స్టూడియోలలో నెగటివును దీపపు పెట్టెపై పరచి, సన్నని పెన్సిలుతో ముఖముపై మచ్చలను పూడ్చెడివారు. దానిని టచింగ్ అనెడివారు. ఆనాటి పెన్సిలు చేసిన పనినే నేడు అంకెలు చేయుచున్నవి.

పనిముట్ల విషయము. ఫోటోషాప్ అను ప్రసిద్ధమైన సాధనము 1990లో వెలువడినది. దానికి వెల చెల్లించవలెను. జింప్ అను మరియొక సాధనము కలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనువారు, 1995లో దానిని ఆరంభించిరి. అది ఎవరికైనను ఉచితము. క్రొత్తగా నేర్చుకొనువారు దొంగ ప్రతులకై వెదకక, దీనితోనో, ఫోనులోనే ఉన్న సాధనముతోనో మొదలుపెట్టవచ్చును.

ఒక ఉదాహరణ తీసికొందము. రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఉన్నది. నౌకాదళములో పనిచేసి విరమించిన ఆ జలాంతర్గామిని 2002లో ఒడ్డున నిలిపి ప్రజలకు చూపుచున్నారు. దానిని మీరు ఉదయవేళ చిత్రించితి రనుకొనుడు. సముద్రపు గీత ఒరిగినది, జలాంతర్గామి నల్లగా పడినది, ఆకాశము తెల్లబోయినది. దిద్దుటకు ఈ వరుస మంచిది.

మొట్టమొదట అసలు చిత్రమును విడిగా దాచి, దాని నకలుపై పని చేయవలెను. ఈ ఒక్క నియమమును పాటించినవారు తక్కిన ఏ తప్పు చేసినను తిరిగి దిద్దుకొనగలరు. తరువాత సముద్రపు గీతను సరిచేయవలెను. గది గోడ కొంచెము ఒరిగినను కన్ను ఓర్చుకొనును గాని, ఒరిగిన సముద్రమును ఓర్చుకొనదు. ఆ పిమ్మట అనవసరమైన అంచులను కత్తిరించవలెను. అటుపైని వెలుగు. లెవెల్స్ అను ఉపకరణమును తెరచినచో కొండవలె ఒక పటము కనబడును. ఎడమ వైపు చీకటి గడులు ఎన్ని, కుడి వైపు వెలుతురు గడులు ఎన్ని అని అది చెప్పును. కొండ అంతయు ఎడమకు ఒదిగియున్నచో చిత్రము చీకటిగా ఉన్నదన్నమాట. నడిమి గుర్తును కొంచెము ఎడమకు జరిపినచో జలాంతర్గామి దేహము తేటపడును. తెల్లబోయిన ఆకాశమునకు మాత్రము మందు లేదు. అక్కడి మూడు అంకెలును 255ను తాకినపుడు అందులో మేఘముల ఆనవాలు మిగిలి ఉండదు. లేనిదానిని దిద్దుట సాధ్యము కాదు. కనుక ఎండలో తీయునపుడే కొంచెము తక్కువ వెలుగుతో తీయుట మేలు.

వెలుగు తరువాత రంగు. రేవులోని పచ్చని దీపముల క్రింద తీసిన చిత్రము పసుపు పూసినట్లుండును. తెల్లగా ఉండవలసిన వస్తువు నొకదానిని, చొక్కానో గోడనో, చూపి ఇది తెలుపు అని యంత్రమునకు చెప్పినచో తక్కిన రంగులు సర్దుకొనును. చిట్టచివర పదును. పదునును ముందే పెంచినచో చిత్రమునందలి రవ్వలుకూడ పదునెక్కును.

దాచునపుడు ఒక జాగ్రత్త కావలెను. జె.పి.జి. అని మనము పిలుచు పద్ధతికి 1992లో ప్రమాణము ఏర్పడినది. కన్ను అంతగా పట్టించుకొనని వివరములను వదలివేసి, చిత్రమును చిన్న సంచిలో ఇముడ్చుట దాని కిటుకు. కాని దిద్ది మరల దాచిన ప్రతిసారి అది మరికొంత వదలివేయును. పదిసార్లు ఉతికిన రంగుచీరవలె చిత్రము క్రమముగా వెలిసిపోవును. కనుక పని జరుగుచున్నంత కాలము జింప్ యొక్క సొంత పద్ధతిలో దాచి, అంతయు ముగిసిన పిమ్మట ఒక్కసారి మాత్రము జె.పి.జి.గా మార్చవలెను. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపినపుడును ఇట్లే చిత్రము కుదించుకొనిపోవును. అంగుళమునకు 300 గడుల చొప్పున అచ్చువేసినచో 4,000 గడుల చిత్రము పదమూడు అంగుళముల వెడల్పున చక్కగా వచ్చును. 1,600 గడులకు కుదించినది అయిదంగుళములు దాటగానే మసకబారును. పెండ్లి ఫ్లెక్సీపై పెద్దల ముఖములు అలుక్కుపోయినట్లుండుటకు తరచుగా కారణ మిదియే. అసలు చిత్రమును డాక్యుమెంటుగా పంపించుకొనుట దీనికి ఉపాయము.

ఇక, ఎంతవరకు దిద్దవచ్చును? మచ్చను చెరిపి, పక్కనున్న గడులను అక్కడ అతికించు ఉపకరణములు నేడు ప్రతి ఫోనులోను ఉన్నవి. కృత్రిమ మేధ సహాయమున లేని మనిషిని నిలబెట్టుటయు సులువైనది. తాతగారి పాత ఫోటోపై పడిన మరకను తుడుచుట సేవ. ఉక్కు కర్మాగారపు పొగగొట్టమునుండి వచ్చు పొగను తుడిచి ఊరి గాలి నిర్మలమని చూపుట, లేని పొగను చేర్చి భయపెట్టుట, రెండును అసత్యములే. ఇంటి గోడపై వ్రేలాడు చిత్రమునకు అలంకారము తగును. జరిగిన సంగతికి సాక్ష్యముగా నిలువవలసిన చిత్రమునకు తగదు. వెలుగు, రంగు, అంచులు దాటి మార్పు చేసినపుడు ఆ మాటను చిత్రము క్రింద వ్రాయుట నిజాయితీ.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. చిత్రము ఎవరిది? మన చట్టము ప్రకారము ఫోటో తీసిన వ్యక్తియే దాని కర్త. సాధారణముగా మొదటి హక్కుదారుడును ఆతడే. ఇందుకు రిజిస్టరు చేయించనక్కరలేదు. మీట నొక్కిన క్షణముననే హక్కు పుట్టును. అయితే రెండు మినహాయింపులు గుర్తుంచుకొనదగినవి. ఉద్యోగధర్మముగా తీసినపుడు, వేరు ఒప్పందము లేనిచో, హక్కు యజమానికి చెందును. డబ్బిచ్చి తీయించుకొన్న ఫోటోకు, వేరు ఒప్పందము లేనిచో, తీయించుకొన్నవారే మొదటి హక్కుదారులు. అనగా మీరు రుసుమిచ్చి తీయించుకొన్న పెండ్లి ఫోటోను స్టూడియోవారు తమ అద్దాల బీరువాలో ప్రదర్శించదలచినచో మిమ్ములను అడుగవలెను. హక్కు ఎవరిదైనను, కర్తగా తన పేరు చెప్పుమని కోరుటకును, తన ప్రతిష్ఠకు భంగము కలుగునట్లు చిత్రమును వికృతము చేయుటను అడ్డుకొనుటకును తీసినవానికి ప్రత్యేకాధికారము ఉన్నది.

ఈ హక్కు ఎంతకాలము? 2012లో చట్టమును సవరించిన పిదప ఛాయాచిత్రములకును తక్కిన కళాకృతులతో సమానముగా, కర్త జీవితకాలము, ఆపైని అరువది సంవత్సరములు అని నిర్ణయమైనది. 2000లో మరణించినవారి చిత్రములకు 2060 చివరివరకు హక్కు నిలుచును. సికింద్రాబాదులో స్టూడియో నడపి, నిజాము కొలువులో ప్రఖ్యాతి గడించిన రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించిరి. ఆయన తీసిన చిత్రములు నేడు అందరి సొత్తు. నిన్న ఉదయము కైలాసగిరిపై ఎవరో తీసిన చిత్రము అట్టిది కాదు.

ఇక్కడనే పలువురు పొరబడుచున్నారు. వెదకగానే దొరికినది గనుక వాడుకొనవచ్చుననుకొందురు. గూగుల్‌లో దొరకుట అనుమతి కాదు. బజారులో దుకాణము తెరచియున్నంత మాత్రమున సరుకు ఉచితము కాదుగదా. మరికొందరు, నేను రంగు మార్చితిని, అంచు కత్తిరించితిని, కనుక నాదైనది అందురు. ఎంత దిద్దినను పరుల చిత్రము పరులదే. చిత్రముపై ఉన్న పేరును కత్తిరించి వేయుట ఇంకను పెద్ద తప్పు. హక్కుదారుని గుర్తించు సమాచారమును అనుమతి లేక తెలిసి తొలగించినవారికి రెండేండ్లవరకు ఖైదు, జరిమానా విధింపవచ్చునని 2012 సవరణ చెప్పుచున్నది. స్వంత అధ్యయనము, విమర్శ, వర్తమాన వార్తల నివేదన మొదలగు వానికి చట్టము న్యాయమైన వాడుకను అనుమతించును. దుకాణపు క్యాలెండరు ఆ జాబితాలో లేదు. ఆ క్యాలెండరుపై పేరు లేక అచ్చుపడిన సూర్యోదయము వెనుక, తెల్లవారకముందే లేచి యారాడ కొండ దాటి వెళ్ళిన ఒక యువకుని కష్టమును, ఆతడు పొందవలసిన నాలుగు రూకలును ఉన్నవి.

తాము తీయునపుడును కొన్ని హద్దులు తెలిసియుండవలెను. భవనముల ఫోటోలకును, బహిరంగస్థలమున శాశ్వతముగా నెలకొల్పిన శిల్పముల ఫోటోలకును చట్టము అడ్డుచెప్పదు. బీచిరోడ్డుపై విగ్రహములను ధైర్యముగా చిత్రింపవచ్చును. గోడలపై వేసిన వర్ణచిత్రములకు మాత్రము ఈ వెసులుబాటు వర్తింపదు. వాని ఫోటోను వ్యాపారమునకు వాడదలచినచో చిత్రకారుని అడుగవలెను. మనది నౌకాదళము కొలువున్న పట్టణము. ఫోటోలు తీయరాదను పలకలున్నచోట కాపీరైటు చర్చకు తావే లేదు. అక్కడ ఫోను జేబులోనే ఉండవలెను. చేపలరేవులో బుట్టనెత్తిన స్త్రీయైనను, అరకులో థింసా ఆడు పడుచైనను, ఆమె ముఖము ఆమెది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పుచెప్పినది. చట్టము మాట అటుంచినను, తీయవచ్చునా అమ్మా అని అడుగుట మర్యాద.

మరి అనుమతి పొందుట ఎట్లు? లైసెన్సు అను మాట రేడియో ఉన్న ఇండ్లకు కొత్తది కాదు. ఒకప్పుడు రేడియో ఉంచుకొనుటకు పోస్టాఫీసులో ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనెడివారని పెద్దలకు గుర్తుండును. లైసెన్సు అనగా షరతులతో కూడిన అనుమతి. అది యాజమాన్యము కాదు. వెల చెల్లించి చిత్రశాలనుండి కొనుక్కొన్న చిత్రమును, ఆ ఒప్పందములోని షరతుల మేరకే వాడవలెను.

వెల లేక, ముందుగానే అనుమతి నిచ్చు పద్ధతియు ఉన్నది. క్రియేటివ్ కామన్స్ అను సంస్థ 2001లో ఏర్పడి, 2002లో తన మొదటి లైసెన్సులను ప్రకటించినది. వానిలో నాలుగు షరతులు. బి.వై. అనగా కర్త పేరు చెప్పవలెను. ఎస్.ఏ. అనగా నీవు దిద్దినదానిని ఇతరులకు అవే షరతులపై ఇయ్యవలెను. ఎన్.సి. అనగా వ్యాపారమునకు వాడరాదు. ఎన్.డి. అనగా మార్చినదానిని పంచరాదు. ఎన్.సి. ఉన్న చిత్రము మిఠాయిదుకాణపు ప్రకటనకు పనికిరాదు. ఎన్.డి. ఉన్న చిత్రమును దిద్ది ప్రచురించుటకు వీలులేదు. దిద్దుట నేర్చుకొనువారు బి.వై., లేక బి.వై. ఎస్.ఏ. గుర్తులున్న చిత్రములను ఎంచుకొనుట క్షేమము. ఈ లైసెన్సులలో ఒక చక్కని నియమము ఉన్నది: చిత్రమును మార్చినచో, మార్చితినని చెప్పవలెను. దిద్దుటయందలి నిజాయితీయు, వాడుటయందలి నిజాయితీయు ఇచ్చట ఒక్కటైనవి.

అట్టి చిత్రములు దొరకు పెద్ద భాండాగారము వికీమీడియా కామన్స్. అది 2004లో ఆరంభమైనది. ఎన్.సి., ఎన్.డి. షరతులను మాత్రమే కలిగిన చిత్రములను అచ్చట స్వీకరింపరు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసములలో కనబడు చిత్రములలో అనేకము అచ్చటివే. విశాఖ రేవు, సింహాచలము, తొట్లకొండ, బొజ్జన్నకొండ, ఇట్టి మన ప్రాంతపు దృశ్యములను ఔత్సాహికులు తీసి, పేరు చెప్పుటయే ప్రతిఫలముగా లోకమునకు ఇచ్చినారు. వాడుకొనువారు చిత్రము క్రింద నాలుగు మాటలు వ్రాసినచో చాలును: చిత్రము పేరు, తీసినవారి పేరు, లైసెన్సు పేరు, మార్పు చేసినచో ఆ సంగతి. వీలున్నచో మూలమునకు దారియు చూపవలెను. ఆకాశవాణిలో పాటకు ముందు రచన వీరిది, సంగీతము వీరిది, గానము వీరిది అని ప్రకటించుట శ్రోతలకు అలవాటే. పాట అందువలన తరుగలేదు. చిత్రమునకును ఆ పాటి మర్యాదయే కావలెను.

చిత్రముపై తెలుగు అక్షరములు వ్రాయదలచినవారు అక్షరరూపములకును లైసెన్సు ఉండునని ఎరుగవలెను. గిడుగు, గురజాడ, మల్లన్న, రామభద్ర మొదలగు పేర్లతో తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితముగా లభించుచున్నవి. మన ఉత్తరాంధ్రకు చెందిన ఇరువురు మహనీయుల పేర్లు ఆ జాబితాలో ఉండుట సంతోషకరము.

ఇక తమ చిత్రములను లోకమునకు ఇయ్యదలచినవారికి ఒక మాట. క్రియేటివ్ కామన్స్ లైసెన్సును ఒకసారి ఇచ్చిన పిదప, షరతులను పాటించువారినుండి దానిని వెనుకకు తీసికొనుటకు వీలులేదు. దానము చేసిన గోవును మరల తోలుకొనిరానట్లే. అందుచేత ఆలోచించి ఇయ్యవలెను. అమ్ముకొని జీవింపదలచిన చిత్రమును దాచుకొనుట తప్పు కాదు. ఇచ్చినదానిని నలుగురు వాడుకొనుచుండగా చూచుటయు గొప్ప తృప్తి. ఏది చేసినను, చిత్రముతోపాటు దాగియుండు సమాచారములో మీ పేరు, తీసిన తేదీ వ్రాసికొనుడు. వాట్సాప్‌లో ఫోటోగా పంపినపుడు ఆ సమాచారము తొలగిపోవునని మరువకుడు.

క్రొత్తగా నేర్చుకొనువారు ఈ వారమే ఒక చిన్న అభ్యాసము చేయవచ్చును. తమ ఇంటనున్న పాత ఫోటో నొకదానిని ఎంచుకొని, శుభ్రముగా స్కాను చేయించి, నకలుపై మరకలు తుడిచి, వెలుగు సరిచేయుడు. వెనుకవైపున స్టూడియో ముద్ర ఉన్నదేమో చూచి ఆ పేరును వ్రాసికొనుడు. అందులో ఉన్నవారెవరు, ఏ యేట తీసినది అని ఇంటి పెద్దలను అడిగి గుర్తుపెట్టుడు. ఈ తీరమున ఉప్పుగాలికి ఫోటోలు త్వరగా పాడగును; పేర్లు చెప్పగల పెద్దలును ఎల్లకాలము ఉండరు. ఆ పని నేడే మొదలుపెట్టుట మంచిది.